పని చేసినవారు

మా వాకిట్లో 1974 నాటి డాట్సన్ పికప్ ట్రక్కు ఒకటి ఉంది. కాలిఫోర్నియాలో, శాక్రమెంటోకి దగ్గర్లో మేముండే ఊళ్ళో దానిమీదే తిరుగుతాను. మట్టి బస్తాలు తెస్తాను, స్నేహితులు ఇల్లు మారితే సామాను చేరేస్తాను. ఆ బండిని విప్పి, తుప్పు కోసి, ఇంజన్ మార్చి, మళ్ళీ రోడ్డెక్కించింది నేను.

ఈ ఆఖరి వాక్యం ఇంత సూటిగా రాయడానికి నాకు చాలాకాలం పట్టింది. ‘నేను’ అనాల్సిన చోట ‘మేము’ అనేదాన్ని. ‘మా ఆయన సాయంతో’ అని చేర్చేదాన్ని. ‘ఏదో కాలక్షేపానికి’ అని నవ్వేసేదాన్ని. వంట గురించి చెప్పేటప్పుడు ఎప్పుడూ రాని ఈ మొహమాటం ఇంజన్ గురించి చెప్పేటప్పుడు ఎందుకొస్తుందా అని ఆలోచిస్తూ పోతే, ఆ దారి విజయవాడ ఆటోనగర్లో మా నాన్న రేకుల షెడ్డు దగ్గర ఆగింది.

నాన్న పని పెట్రోలు జీపులకీ, అంబాసిడర్లకీ డీజిల్ ఇంజన్లు వెయ్యడం. 1980లలో ఆ పనికి మంచి గిరాకీ. పెట్రోలు ఖర్చు భరించలేని టాక్సీవాళ్ళు బళ్ళు తెచ్చి వదిలివెళ్ళేవారు. ఒక బండికోసం తయారుకాని ఇంజన్ని అందులో కూర్చోబెట్టాలంటే పాత ఫౌండేషన్లు కోసి కొత్తవి కట్టాలి. గేర్ బాక్సు కలపాలి. షాఫ్టు పొడవు సరిచెయ్యాలి. ఆ తర్వాత ఆర్.సి. బుక్కులో ఇంజన్ నంబరు మార్పించాలి. సెలవుల్లో నాన్నకి క్యారేజీ పట్టుకెళ్ళి సాయంత్రందాకా అక్కడే ఉండిపోయేదాన్ని. రేకు పళ్ళెంలో కిరోసిన్ పోసి బోల్టులు కడగడం, ఏది ఎక్కణ్ణించి ఊడిందో ఆ వరసలో గోనెపట్టా మీద పేర్చడం నా వంతు. వరస తప్పితే నాన్న తిట్టేవాడు. తప్పకపోతే ఏమీ అనేవాడు కాదు. ఆ ఏమీ అనకపోవడమే నాకు మెప్పు.

పన్నెండో ఏట పెద్దమనిషినయ్యాను. ఆ తంతంతా అయ్యాక ఒకరోజు మామూలుగా క్యారేజీ అందుకోబోతే నాన్నమ్మ దాన్ని నా చేతిలోంచి తీసి అన్నయ్య చేతికిచ్చింది. ఎవరూ కారణం చెప్పలేదు. నాన్న ఇంటికొచ్చి ‘అమ్మాయి రాలేదేం’ అని అడగలేదు. అడుగుతాడని నేను వారం రోజులు ఎదురుచూశాను. అన్నయ్యకి కిరోసిన్ వాసన పడేది కాదు, తలనొప్పి వచ్చేది. అయినా షెడ్డు వాడిదే అన్నారు. వాడు కంప్యూటర్లు చదువుకుని దూరంగా వెళ్ళిపోయాడు. షెడ్డు చివరికి ఎవరిదీ కాలేదు.

నేను ఎమ్మెస్సీ ఫిజిక్సు చదివి, రెండేళ్ళు కాలేజీలో పాఠం చెప్పి, 1999లో పెళ్ళి చేసుకుని హెచ్-4 వీసా మీద ఈ దేశం వచ్చాను. ఆ వీసా కాగితాల భాషలో నేను ‘ఆధారపడిన వ్యక్తి’ని. ఉద్యోగం చెయ్యకూడదు. హెచ్-4 వాళ్ళలో కొందరికైనా పని చేసుకునే అనుమతి దొరికింది 2015లోనే. నాకు 2008లో గ్రీన్ కార్డు వచ్చేదాకా తొమ్మిదేళ్ళు వంట, పిల్ల, కిటికీ. ఆ తొమ్మిదేళ్ళ గురించి మనవాళ్ళు కథలు చాలానే రాశారు, నేను కొత్తగా చెప్పేదేం లేదు. ఒక్కటి మాత్రం చెప్తాను. ఆ వీసా మీద పని చెయ్యకూడదు గానీ చదువుకోవచ్చు. ఒకసారి కారు చెడిపోయి బాగుచేసేచోటికి వెళ్తే, చప్పుడు ఎక్కణ్ణించి వస్తోందో నేను చెబుతుంటే అక్కడతను మా ఆయన మొహం చూస్తూ సమాధానాలు చెప్పాడు. కారు నడిపేది నేను. చప్పుడు విన్నది నేను. ఆ కోపంతోనే 2006లో దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీలో సాయంత్రం పూట ఆటోమొబైల్ క్లాసుల్లో చేరాను. మొదటిరోజు పళ్ళెంలో బోల్టులు కడగమన్నారు. చేతులకి ఆ పని గుర్తుంది.

డాట్సన్ నా దగ్గరికొచ్చింది 2019లో. మా వీధి చివర ఒక పెద్దావిడ ఉండేది. భర్త పోయాక ఇల్లు అమ్ముతూ, చెట్టుకింద ఏళ్ళతరబడి నిలబడిపోయిన ట్రక్కుని తీసెయ్యాలనుకుంది. ‘అందరూ మా ఆయన ట్రక్కంటారు. ముప్ఫయ్యేళ్ళు దీన్ని తోటకి నడిపింది నేనే’ అంది. 1800 డాలర్లిచ్చి తెచ్చుకున్నాను. ఫోన్లో చెబితే నాన్న ‘డాట్సనా? అది చిన్న కారు కదే’ అన్నాడు. ఆయనకి గుర్తున్నవి 2014లో మన దేశంలో ఆ పేరుతో వచ్చి 2022లో ఆగిపోయిన కార్లు. అంతకు చాలాముందు, 1970లలో, ఈ రాష్ట్రంలో తోటమాలులూ, చిన్న రైతులూ, వడ్రంగులూ వాడుకున్న బండి ఇది. 620 అని దాని మోడలు. ముందు టోర్షన్ బార్లు, వెనక కట్టలు, మధ్యలో రేకు. అంతకుమించి ఆడంబరం లేదు.

దీనికో చరిత్ర ఉంది. అమెరికా నుంచి వచ్చే కోళ్ళ మీద యూరప్ దేశాలు సుంకం పెంచితే, దానికి బదులుగా అమెరికా 1964 నుంచి దిగుమతి చేసుకునే చిన్న ట్రక్కుల మీద 25 శాతం సుంకం వేసింది. కోళ్ళ తగవు ఐరోపాతో, దెబ్బ చివరికి తగిలింది జపాను ట్రక్కులకి. జపాను కంపెనీలు ఒక ఉపాయం కనిపెట్టాయి. వెనకాల తొట్టి లేకుండా ఛాసిస్, కాబిన్ మాత్రమే పంపితే సుంకం 4 శాతమే. తొట్టి ఇక్కడికొచ్చాక బిగించేవారు. 1980లో ఆ సందు మూసేశారు. అంటే ఆ కాలపు జపాను పికప్పులు చాలావరకు రెండు ముక్కలుగా సముద్రం దాటి ఇక్కడ ఒకటైనవే.

ఇది తెలిశాక ‘అసలు’ అనే మాట మీద నాకు గౌరవం తగ్గింది. పాతబళ్ళ ప్రపంచంలో ఆ మాట చాలా గట్టిది. ఇంజన్ మీది నంబరూ బండి కాగితాల్లోని నంబరూ కలవాలి. కలిస్తే ధర ఎక్కువ. అమ్మకం ప్రకటనల్లో ‘ఒక్క యజమాని చేతిలోనే ఉంది’, ‘ఎవరి చెయ్యీ పడలేదు’ అని గర్వంగా రాస్తారు. మొదటిసారి అవి చదివినప్పుడు పెళ్ళి సంబంధాల కాలమ్ చదువుతున్నానా అనిపించింది. పాతబళ్ళవాళ్ళు కలిసేచోట ఒకాయన నా ట్రక్కు చూసి ‘అసలు ఇంజన్ తీసేస్తావా, పాపం కదా’ అన్నాడు. ఆ అసలు ఇంజన్, 1770 సీసీల ఎల్18, సిలిండర్లలోకి నీళ్ళు దిగి తుప్పుపట్టి బిగుసుకుపోయి ఉంది. బోరు చేయించి నిలబెట్టొచ్చు. కానీ నాకు కావలసింది చూపించుకునే బండి కాదు. బరువేసుకుని హైవే మీద మిగతా బళ్ళతో సమానంగా వెళ్ళగలిగే బండి. పని చేసే బండికి పనే పవిత్రం, నంబరు కాదు.

నేను ఎంచుకున్నది నిస్సాన్ 240 ఎస్ఎక్స్ అనే కారులో 1990లలో వచ్చిన కెఎ24డిఇ ఇంజన్. 2389 సీసీలు, 155 హార్స్ పవర్, పెట్రోలు ఇంజెక్షన్. అదే కంపెనీ ఇంజను కాబట్టి చుట్టరికం ఉంది గానీ చెప్పుకున్నంత దగ్గరి చుట్టరికం కాదు. చట్టం అడ్డులేదు. కాలిఫోర్నియాలో 1975, అంతకుముందు మోడళ్ళ పెట్రోలు బళ్ళకి పొగ పరీక్ష లేదు. రెండేళ్ళ తర్వాతి బండి అయ్యుంటే ఈ కథ వేరేగా నడిచేది.

అందరూ అడిగే ప్రశ్న ‘ఎంత పవరు?’ అని. నేను మొదట ముట్టుకున్నది మాత్రం బ్రేకులు. ఈ మోడల్‌కి ముందు చక్రాల డిస్క్ బ్రేకులు 1978లో వచ్చాయి. నాది 74, నాలుగూ డ్రమ్ములే. బలం పెంచే ముందు ఆపే శక్తి పెంచాలి కదా. తర్వాతి మోడల్ డిస్కులు తెచ్చి వేశాను, మాస్టర్ సిలిండర్ మార్చాను, పైపులన్నీ కొత్తగా వంచాను. ‘ఆడవాళ్ళు కదా, జాగ్రత్తెక్కువ’ అన్నాడొకాయన మెచ్చుకోలుగా. ఇంటికొచ్చాక బెర్తా బెంజ్ గుర్తొచ్చింది. 1888 ఆగస్టులో భర్తకి చెప్పకుండా, ఆయన తయారుచేసిన మోటారు బండిలో ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని వంద కిలోమీటర్లు పైగా వెళ్ళింది. దారిలో పెట్రోలు గొట్టం పూడుకుపోతే టోపీ పిన్నుతో పొడిచి తీసింది. బ్రేకు చెక్కలు అరిగిపోతే చెప్పులు కుట్టేవాడి దగ్గర తోలు కొట్టించింది. బ్రేకు లైనింగు అనేది అలా మొదలైందంటారు. అది జాగ్రత్తా, ఇంజనీరింగా? మగవాడు చేస్తే రెండో పేరే పెట్టేవాళ్ళు.

2020లో లాక్‌డౌన్ వచ్చి అందరూ ఇళ్ళల్లో ఉండగా గ్యారేజీలో తుప్పు పని చేశాను. తుప్పు పైకి గోరంత కనిపిస్తే కింద చేటంత ఉంటుంది. డ్రైవరు కాళ్ళకింద రేకు చేత్తో నొక్కితే విరిగింది. కోసెయ్యడం, అట్ట మీద కొలత గీసుకోవడం, కొత్త రేకు కత్తిరించి వెల్డింగ్ చెయ్యడం. నా మొదటి అతుకులు చీమలపుట్టల్లా ఉన్నాయి. అవి కార్పెట్ కింద ఇప్పటికీ అలాగే ఉన్నాయి. గట్టిగానే ఉన్నాయి.

ఇంజన్ దింపేసరికి అసలు సమస్య తెలిసింది. కింద ఆయిల్ ఉండే చాంబరు ముందు అడ్డపట్టీకి తగులుతోంది. ఇంజన్ వెనక్కి జరిపితే కాబిన్ గోడ, పైకెత్తితే బానెట్టు. మూడు రోజులు దానికింద పడుకుని చూశాను. నాలుగోరోజు రాత్రి నాన్నకి వీడియో కాల్ చేసి ఫోను ట్రక్కు కింద పెట్టాను. ఆయనకప్పటికి చూపు మందగించింది. ‘ఇంకొంచెం ఎడమకి... లైటు వెయ్యి... ఆఁ. ఫ్రేము జోలికెళ్ళకు తల్లీ. బండి బరువు మోసేది కొయ్యకూడదు. చాంబరే కోసి పొట్ట మార్చు. తీసేసినంత జాగా పక్కకి పెంచు, ఆయిల్ తగ్గకూడదు. లోపలి పీల్చే గొట్టం అడుగుకి ఎంత ఎత్తులో ఉందో ముందు కొలుచుకో’ అన్నాడు. నలభై నిమిషాలు చెప్పాడు. క్యారేజీ నా చేతిలోంచి లాక్కున్న ముప్ఫై అయిదేళ్ళ తర్వాత మళ్ళీ మొదలైన పాఠం అది. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు.

ఆయన చెప్పినట్టే చేశాను. ఫౌండేషన్లు అట్టతో నమూనా చేసుకుని ఇనుప రేకులో కోశాను. గేరు కర్ర వేరేచోటికి వచ్చింది, నేలకి కొత్త రంధ్రం పెట్టాను. షాఫ్టు లేత్ షాపులో కొలత ప్రకారం చేయించి బాలెన్సింగ్ చేయించాను. వైరింగంతా భోజనాల బల్లమీద పరిచి ఒక్కో తీగకి తెలుగులో చీటీ అంటించాను. ‘ఇంజన్ వేడి’, ‘గాలి కొలత’, ‘పంపు’. నెలరోజులు ఇంట్లో అందరం నేలమీద కూచుని తిన్నాం. మా అమ్మాయి స్నేహితులు ఆ చీటీలు చూసి ఇదేదో రహస్యలిపి అనుకున్నారు.

మొదటిసారి స్టార్ట్ చేసినరోజు ఒక తప్పు చేశాను. కార్బ్యురేటర్‌కి మూడు నాలుగు పౌన్ల ఒత్తిడితో పెట్రోలు వస్తే చాలు. ఇంజెక్షన్‌కి దాదాపు దానికి పదిరెట్లు కావాలి. గొట్టాలన్నీ మార్చానుగానీ ఫిల్టరు దగ్గరి జానెడు ముక్క పాతదే వదిలేశాను. పంపు ఆన్ చెయ్యగానే అది చీలి పెట్రోలు పిచికారీలా కొట్టింది. స్విచ్ ఆపేసి బయటికి పరిగెత్తాను. నిప్పురవ్వ లేదు కాబట్టి ఈ వ్యాసం రాస్తున్నాను. ఇది ఎందుకు చెప్తున్నానంటే, ఆడవాళ్ళు యంత్రాలతో పనిచేసిన కథలన్నీ విజయగాథలుగానే ఉండాలనుకుంటాం మనం. తప్పు చేసే హక్కు కూడా కావాలి. నా తప్పు నా అజాగ్రత్త వల్ల జరిగింది, ఆడదాన్ని కావడం వల్ల కాదు.

2021 చివర్లో బండి రోడ్డెక్కింది. మర్నాడే తెలుగువాళ్ళ పిక్నిక్. మగవాళ్ళంతా బానెట్టు చుట్టూ మూగారు. ప్రశ్నలన్నీ మా ఆయనకే. అతను రెండుసార్లు ‘తనే చేసింది’ అని నావైపు చూపించాడు. వాళ్ళు నాకేసి చూసి నవ్వి మళ్ళీ అతన్నే అడిగారు. మూడోసారి ఎవరో ‘ఎన్ని సీసీలు?’ అంటే అతను ‘టూ పాయింట్ ఫోర్’ అన్నాడు.

ఆ ఒక్కమాట మీద ఆ రాత్రి గొడవైంది. ‘ఒక్క నంబరేగా, అడిగితే చెప్పాను’ అంటాడు. నిజమే, ఒక్క నంబరే. అతను మంచివాడు. ‘సహచరుడు’ అని రాయడానికి నేను సందేహించను. కానీ ఆ క్షణంలో అంతమంది కళ్ళు తనమీదుంటే, ఆ కుర్చీ ఖాళీగా కనిపిస్తే, కూర్చోవడం ఎంత తేలికో చూశాను. పితృస్వామ్యం అంటే ఎప్పుడూ లాక్కునే చెయ్యి అనుకుంటాం. చాలాసార్లు అది అడక్కుండానే జరిపి వేసే కుర్చీ.

వారం తర్వాత మా పిన్ని ఫోన్ చేసింది. ‘మీ ఆయన భలే బండి కట్టాడటగా, మీ నాన్న చెప్పి మురిసిపోయాడు’ అంది. నాన్నని అడిగాను. కాసేపు పలకలేదు. ‘ఆడపిల్లచేత ఆ పని చేయిస్తున్నాడని అల్లుణ్ణి అనుకుంటారే అమ్మా’ అన్నాడు. చాంబరు ఎంత లోతు కొయ్యాలో నాకు చెప్పిన ఆయనే. ఇద్దరి మధ్య ఫోన్లో నేను మెకానిక్కుని, చుట్టాల ముందు అల్లుడి పరువుని. ఆయన్ని కోప్పడలేదు. బాధ మాత్రం పోలేదు.

2023లో అమ్మ మా దగ్గరికొచ్చింది. అమ్మ గురించి ఇంతవరకూ రాయలేదని ఇప్పుడు గమనిస్తున్నాను. షెడ్డు లెక్కలన్నీ ముప్ఫయ్యేళ్ళు అమ్మే రాసింది. నాన్న రాత్రి అన్నం తింటూ చెబుతుంటే అమ్మ పొడుగు పుస్తకంలో ఎక్కించేది. నేను ఈ పని మొదలుపెట్టిన కొత్తలో ఫోన్లో ‘ఇంజన్ ఖరీదు చూసి మురిసిపోకే, దానికి తోడు కావలసినవే కొంప ముంచుతాయి’ అంది. నేను విననట్టే ఊరుకున్నాను. ఇంజనూ గేర్ బాక్సూ కలిపి 900 డాలర్లకి దొరికాయి. మొత్తం నాలుగువేలు అనుకున్న పని పదకొండువేలైంది. బ్రేకులు, రేడియేటరు, షాఫ్టు, పంపు, సైలెన్సరు, బోల్టులు. అమ్మకి అదంతా ముందే తెలుసు. చాంబరు కొయ్యడానికి ఏ మేస్త్రికి ఎంతివ్వాలో, ఏ ఇంజన్‌కి ఏ ఫౌండేషన్ నిలవదో, ఏ బండి మూడు నెలల్లో తిరిగొచ్చిందో ఆమెకి తెలుసు. నాన్నకి చేతుల్లో ఉన్న విద్య అమ్మకి అంకెల్లో ఉంది. షెడ్డు మెట్టెక్కకుండా షెడ్డంతా తెలిసినావిడ. ‘మనకు తెలియని మన చరిత్ర’ 1986లో వచ్చింది. పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ళని కూర్చోబెట్టి అడిగి రాసిన ఆ పుస్తకం మీద నేను సభల్లో మాట్లాడాను. మా అమ్మని మాత్రం ఎప్పుడూ కూర్చోబెట్టి అడగలేదు. నాన్న వెనకే తిరిగాను.

అమ్మ ట్రక్కెక్కింది. కిటికీ హ్యాండిలు తిప్పి చూసింది. కూరగాయల సంతకి వెళ్ళొచ్చాం. ఇంటికొచ్చాక దిగకుండానే ‘పాత ఇంజన్ నంబరు రాసిపెట్టావా?’ అంది. లేదన్నాను. ‘అదేంటే’ అని లోపలికెళ్ళి మా అమ్మాయి నోటుబుక్కొకటి తీసి గళ్ళు గీసింది. తేదీ. బండి నంబరు. పాత ఇంజను. కొత్త ఇంజను. సామాను. ఖర్చు. ఆఖరి గడిపైన ‘పని చేసినవారు’ అని రాసింది.

‘ఇదెందుకమ్మా?’ అన్నాను.

‘పేరు రాయకపోతే కూలి ఎవరికివ్వాలో ఎలా తెలుస్తుందే? రేపు ఆ పని చెడితే ఎవర్ని అడుగుతారు?’ అని, పెన్ను పట్టుకుని ఆగింది. ‘ఇంటిపేరు ఏది రాయమంటావు? మాదా, మీదా?’

‘ఉత్త పేరు రాయి’ అన్నాను.

రాసింది. గుండ్రటి అక్షరాలు, ఆ పొడుగు పుస్తకాల్లో ఉన్నలాంటివే. ఆ పుస్తకాల్లో వెల్డింగ్ మేస్త్రి పేరుంది, లేత్ మేస్త్రి పేరుంది, రంగులేసిన కుర్రాడి పేరుంది. అమ్మ పేరెక్కడైనా ఉందా అని అడిగాను.

‘లెక్క రాసేదానికి కూలెక్కడిదే’ అంది.

ఆ నోటుబుక్కు ఇప్పుడు ట్రక్కులో, ముందు అరలో ఉంది. క్లచ్చు ఈమధ్య కొంచెం వణుకుతోంది, గేర్ బాక్సు దింపి చూడాలి. ఆ పని రాసేటప్పుడు ఇంకో గడి గీస్తాను, ‘లెక్క రాసినవారు’ అని.